తువ్వాల కింది చెయ్యి

ఆ పొద్దున రాజనర్సు చేతిలో ఉన్న సరుకు పది వేళ్ళు. అందులో పనికొచ్చేవి మూడు. ఎదుటి కుప్పలోంచి ఒక పసుపు కొమ్ము తీసి, టక్కున విరిచి, ఆ విరిగిన అంచుతో ఒక్కో వేలికొస మీద నొక్కి చూసుకున్నాడు, ఒళ్ళో పరుచుకున్న గోనెసంచి చాటున, ఎవరి కంటా పడకుండా. ఎడమచేతి బొటనవేలికి తెలిసింది. ఆ చేతి ఉంగరపు వేలికీ తెలిసింది. కుడిచేతిలో బొటనవేలు ఒక్కటే బతికి ఉంది. మిగతా ఏడూ చూడటానికి వేళ్ళే గాని కొసలు ఇంకెవరివో అన్నట్టున్నాయి, ఎర్రగా, నున్నగా, తోలు రేకలు రేకలుగా లేచి. అలాగని ఊరుకుంటాయా, మంట మాత్రం పదింటికీ సమానంగా పంచి పెట్టినట్టుంది. తాకితే తెలియదు, తాకకపోతే మండుతుంది. ముప్పై ఏళ్ళుగా నిజామాబాద్ మార్కెట్ యార్డులో రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెడుతూ పసుపు అడ్తి నడుపుతున్నవాడికి ఇట్లాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు. సరుకు చేతికి రాదు, కిరాయి మాత్రం కట్టాలి.

బాపురావు అప్పటికి నాలుగో కుప్ప దగ్గరున్నాడు. రాజనర్సు కుప్ప వరుసలో పదోది. కుప్పకు పది నిమిషాలు వేసుకున్నా ఇంకో గంట. ఆ గంటలో చేతులు బాగుపడవు, ఆ గంటలో బాపురావు దారి తప్పడు. ధర్మాబాద్ నుంచి వచ్చే ఈ ఖరీదుదారు పాతకాలపు మనిషి, చీటీ మీద ధర రాసే పద్ధతి వచ్చిన తర్వాత కూడా బేరం తువ్వాల కిందనే చేస్తాడు. కొనేవాడూ అడ్తిదారూ కుడిచేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. క్వింటాలుకు రెండు వేల రూపాయలు అన్నది అందరికీ తెలిసిన మూలం, దాని పైన వందలు వేళ్ళు చెబుతాయి. చూపుడువేలు ఒక్కటీ పట్టుకుంటే వంద, చిటికెనవేలి దాకా నాలుగూ పట్టుకుంటే నాలుగు వందలు, అరచేతిలో నొక్కితే యాభై. పక్క అడ్తివాడికి వినపడదు, ఎదురుగా కూర్చున్న రైతుకు కనపడదు. రైతు తువ్వాల మీది మడతలనే చూస్తూ కూర్చుంటాడు, గర్భగుడి తలుపు వేసి ఉంటే బయట నిలబడ్డవాడిలాగ. ఇప్పుడు కుప్పకు అవతల కూర్చున్న, ఈ పసుపు పండించిన రైతు మోర్తాడ్ ముత్తన్న కూడా అట్లాగే కూర్చుంటాడు, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని.

ఆ వేళ్ళ భాష మేనమామ నేర్పాడు, స్టేషన్ రోడ్డులో ఒక చాయ హోటల్లో, బల్ల కింద, ఇద్దరి ముందూ చాయలు చల్లారిపోతుంటే. అంతకుముందు రాజనర్సుకు తెలిసిన చేతులు తండ్రివి, బాపువి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తా ఆయన, రోజంతా చెరుకు బండ్లు తూయించి ఇంటికొస్తే చేతులు మడ్డి వాసన కొట్టేవి, తీపి పులిసిన వాసన, సబ్బుకు పోయేది కాదు. ఒకసారి పక్కింటి పిల్లలంతా ఉండగా బాపు ఆ చేత్తో ముద్ద కలిపి నోటికి అందిస్తే రాజనర్సు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళుంటాయేమో. బాపు ఆ ముద్ద తనే తిన్నాడు, మర్నాటి నుంచి ఇంట్లోకి వచ్చే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవాడు, మోచేతుల దాకా, చాలాసేపు. నిమ్మచెక్క. మొన్న శుక్రవారం పెరట్లో తను కూడా నిమ్మచెక్క పట్టుకుని నిలబడ్డాడు గదా, అప్పుడు కూడా గుర్తు రాలేదే బాపు, ఇప్పుడు ఈ దుమ్ములో, ఈ హమాలీల కేకల్లో ఎందుకు వచ్చినట్టు? సిగ్గుపడ్డ చేతులు ఎక్కడికీ పోవు కాబోలు, వంతు వచ్చేదాకా కూర్చుంటాయి. రుద్రూర్‌లో పెళ్ళిచూపులనాడు పిల్ల తండ్రి, కాబోయే మామ, చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. చెరుకాకు కోసుకుపోయి గీతలే గీతలుగా ఉన్న చేత్తో రాజనర్సు అరచెయ్యి తడిమి, "గింత మెత్తగున్నయేందే పిల్లగాని చేతులు? గీటితోని ఏం సంపాయిస్తడు?" అన్నాడు అందరి ముందూ. "గవ్వే సంపాయిస్తయ్ బావా, నువ్వు సూస్తుండు," అన్నాడు మేనమామ. సంపాదించాయి కూడా. కొమ్ము పట్టుకుంటే తేమ ఎంతో చెప్పేవి, ఉడుకు తక్కువైందో ఎక్కువైందో చెప్పేవి, ఎదుటివాడు వేలు పట్టుకున్న బిగిని బట్టి ఇంకా ఎంత పైకి వస్తాడో చెప్పేవి. మెత్తని తోలే అతని పెట్టుబడి. ఆ తోలే ఇప్పుడు ఊడుతోంది.

కడుపులో పుండు, కోసి తీసేశారు, అని చెప్పుకున్నాడు యార్డులో. పెద్దపేగులో గడ్డ అనీ, దాని అసలు పేరు ఇదనీ భార్య సుమిత్రమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు బయటికొస్తే రైతు ఇంకో అడ్తి చూసుకుంటాడు, వచ్చే పంటకు ఉంటాడో పోతాడో తెలియనివాడి వాకిట్లో బస్తాలు ఎవడు దింపుతాడు, తనే అయితే దింపడు. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన గోళీలకైతే పేరు అడిగేవాడు లేడు. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం ఆపాలి, మళ్ళీ రెండు వారాలు. హైదరాబాద్ డాక్టరు మొదటిరోజే చెప్పాడు: అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి మంట పుడితే దాచుకోకండి, ఈ మందుతో చాలామందికి వస్తుంది, ఫోన్ చెయ్యండి, కొన్నాళ్ళు ఆపుదాం, లేదంటే మోతాదు తగ్గిద్దాం. ఆ తగ్గిద్దాం అన్న మాట దగ్గరే రాజనర్సు చెవులు మూసుకున్నాడు. తూకం తగ్గిన బస్తాను ఎవరు ఒప్పుకుంటారు, జబ్బు మాత్రం ఒప్పుకుంటుందా? మూడో విడత నడుస్తోంది, ఇంతవరకు ఫోన్ చేయలేదు. డాక్టరు చెప్పింది కుడిచెవితో విని, ఎడమచెవి దగ్గర తనదైన లెక్క వేసుకున్నాడు. మొదటి విడతలో చీమలు పాకినట్టుండేది. రెండో విడతలో అరికాళ్ళు ఉబ్బి, చెప్పులో కాలు పెడితే నిప్పుల మీద పెట్టినట్టు. ఇప్పుడు వేసుకున్నవి సుమిత్రమ్మ మెత్తటి రబ్బరు చెప్పులు, నీలం పట్టీలవి, పంచె అంచు వాటి మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఇంట్లో అన్నం చెంచాతో తింటున్నాడు, కారం తగిలితే వేళ్ళు భగ్గుమంటాయని. ఎవరైనా వస్తే కంచం పక్కకు తోసి ఆకలి లేదంటాడు.

గోరింటాకు సుమిత్రమ్మ ఆలోచన. చలవ చేస్తుంది, మా అవ్వ పెట్టేది కాళ్ళు పగిలితే, అంది. పెరట్లోది కోసి మెత్తగా రుబ్బి, "చేతులు గిట్ల పెట్టుండ్రి, కదిలిచ్చొద్దు," అని అరచేతులకూ అరికాళ్ళకూ దట్టంగా పట్టించి కూర్చోబెట్టింది. నిజం చెప్పాలంటే హాయిగా ఉండింది. నెల రోజుల్లో మొదటిసారి చేతులు తన ఒంటివి అనిపించాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కొంచెం నిద్ర కూడా పట్టిందేమో, అప్పుడు గోడ మీంచి పక్కింటి శ్యామలమ్మ తొంగి చూసింది. "ఏందే సుమిత్రా, మీ ఆయనకు మల్ల లగ్గం జేస్తున్నవా? పిల్ల ఏ ఊరిది?" సుమిత్రమ్మ నవ్వేసింది. రాజనర్సుకు మాత్రం ఒళ్ళంతా చచ్చింది. శ్యామలమ్మ అటు పోగానే లేచి పెరట్లోకి నడిచి, ఇంకా ఆరని ఆకంతా కడిగి, సబ్బుతో, ఆ తర్వాత నిమ్మచెక్కతో రుద్దాడు. ఎరుపు పోలేదు. తోలు పోయింది. సుమిత్రమ్మ వచ్చి చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడితే బాగుండేది. మంచి చేసిన మందును పక్కింటావిడ ఒక్క మాటకు కడిగేసుకున్నవాడిని ఏమనాలో ఆమెకు కూడా తోచలేదేమో.

"చేతులు గట్ల దాసుకుంటున్నవేందే రాజనర్సూ?" పక్క అడ్తి దశరథం బస్తాల మధ్యలోంచి పోతూ అడిగాడు. "గోరింటాకు పెట్టుకున్నవటగా! లేకుంటే డిచ్‌పల్లి బస్సెక్కాల్నా ఏంది?" పక్కనున్న ఇద్దరు హమాలీలు నవ్వారు. డిచ్‌పల్లి అంటే ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, కుష్ఠు దవాఖాన. రాజనర్సు కూడా నవ్వాడు, నవ్వకపోతే ఒప్పుకున్నట్టవుతుందని. బాపురావు ఏడో కుప్ప దగ్గరికి వచ్చాడు.

ఇవన్నీ చిల్లర. అసలు సిగ్గు కుప్పకు అవతల కూర్చుని ఉంది, బీడీ చెవి మీద పెట్టుకుని. పోయిన సోమవారం ముత్తన్న సగం పంట తెచ్చాడు. తువ్వాల కింద బాపురావు చెయ్యి వచ్చి రాజనర్సు చేతిని పట్టుకుంది. పట్టుకుంది అన్నది తువ్వాల కదలడం వల్ల తెలిసింది. ఎన్ని వేళ్ళు? కుడిచేతి నాలుగు వేళ్ళలో ఒక్కటీ చెప్పలేదు. ఒక మంట మాత్రం మణికట్టు దాకా పాకింది. మూడా, నాలుగా? మళ్ళీ పట్టుకో అనొచ్చు. మళ్ళీ పట్టుకో అంటే, ఎందుకు అంటాడు. బాపురావు చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది, బేరం అయిపోయిందన్నట్టు. ఒక్క క్షణం. రాజనర్సు తలూపాడు, చీటీ మీద మూడు రాశాడు. మూడే ఎందుకు రాశాడంటే, నాలుగు రాసి కాదనిపించుకుంటే గుట్టు బయటపడుతుంది, తక్కువ రాస్తే కొనేవాడు కాదనడు. అంత నొప్పిలోనూ ఆ లెక్క మాత్రం సరిగ్గా వేసుకున్నాడు. తన సిగ్గు కాపాడుకోవడానికి ఇంకొకడి పసుపులోంచి ఇచ్చాడు. "గంతేనా సేటూ?" అన్నాడు ముత్తన్న. "బజారు పడ్డది ముత్తన్నా." "గట్లనా. నువ్వున్నవ్ గద, సూసే ఇచ్చింటవ్ తీయ్." ఆ మాట అని బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా మర్చిపోయేవాడేమో. ఆ సాయంత్రమే తెలిసింది అలాంటి సరుకే దశరథం వాకిట్లో నాలుగు వందల పైన పోయిందని. ముత్తన్నకు కూడా ఎవరో చెప్పే ఉంటారు. అయినా మిగతా సగంలోంచి ఈ కుప్ప తెచ్చి మళ్ళీ ఇక్కడే దింపాడు.

చాయ వచ్చింది. యార్డు చాయ గాజు గ్లాసుల్లో సలసల కాగుతూ వస్తుంది, నెల రోజులుగా రాజనర్సు దాన్ని పక్కన పెట్టించుకుని, చల్లారాక ఎవరూ చూడనప్పుడు పారబోస్తున్నాడు. గుండ్రటి మండలూ పొడుగు కొమ్ములూ వేరు చేస్తున్న కూలి మనిషి దేవవ్వ ఈసారి లేచి వచ్చింది. ఆ గాజు గ్లాసు తీసుకుని, షెడ్డు గుంజకు కొట్టిన మేకు మీంచి తన స్టీలు గ్లాసు దించి, అందులోకి చాయ ఒంపి అతని ముందు పెట్టింది. గ్లాసు చుట్టూ పాత గుడ్డ కుట్టి ఉంది. పన్నెండేళ్ళ కిందట దేవవ్వ అరచేతులు పసుపు దుమ్ముకు పొట్టులేచి పగిలాయి, రాజనర్సు చూసి, నీ గ్లాసు నువ్వు తెచ్చుకో, అందరివి ముట్టుకోకు అన్నాడు. రెండు నెలల్లో ఆమె చేతులు బాగుపడ్డాయి. ముట్టుకో అని మళ్ళీ చెప్పడం మరిచిపోయాడు. మరిచిపోయాడా? గ్లాసు రోజూ కళ్ళ ముందే వేలాడుతుంటే మరిచిపోవడం ఏమిటి? చెప్పాల్సిన పని ఉందనిపించలేదు, అంతే.

"గప్పుడు నా చేతులు సుత గిట్లనే కాలుతుండె సేటూ," అంది దేవవ్వ. "గుడ్డ గందుకే కుట్టుకున్న. పట్టుకో, కాలది. నేను కడిగే తెచ్చిన."

కడిగే తెచ్చిన అన్నప్పుడు ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఉందో లేదో రాజనర్సు పోల్చుకోలేకపోయాడు. గోనెసంచి కిందినుంచి రెండు చేతులూ బయటికి వచ్చాయి, తను తీశాడా, అవే వచ్చాయా, గోరింటాకు ఎరుపు మీద తోలు చారలు చారలుగా లేచి, అక్కడక్కడ పచ్చి మాంసంలాగ. దేవవ్వ చూసింది, మొహం తిప్పుకోలేదు. చాయ తీపిగా, కొంచెం చల్లగా గొంతు దిగింది. మొహం తిప్పుకోని మనిషిని చూసి తల ఎత్తలేకపోవడం ఏమిటో, ఎనిమిదేళ్ళప్పుడు తను తిప్పుకున్న మొహం ఎప్పటికి నేరుగా అవుతుందో అనుకుంటూ తాగాడు. కుప్పకు అవతలి నుంచి ముత్తన్న కూడా చూశాడు. చెవి మీది బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు గాని వెలిగించలేదు.

తొమ్మిదో కుప్ప. ఇంకా దారులు లేకపోలేదు. ఎడమచెయ్యి ఇవ్వొచ్చు, కాని ఎడమచేత్తో బేరం చేయడం అంటే కొనేవాడి మొహాన కొట్టినట్టే. జ్వరం అని లేచిపోవచ్చు, దశరథాన్ని కూర్చోబెట్టొచ్చు, చీటీ మీద రాసి ఇవ్వమని బాపురావును అడగొచ్చు. ప్రతి దారిలోనూ చెయ్యి దాచుకోవడం కుదురుతుంది. ప్రతి దారి చివరా ముత్తన్న బీడీ వెలిగించుకుని, సూసే ఇచ్చింటవ్ తీయ్ అంటాడు. దారులన్నీ లెక్కపెట్టేలోగా బాపురావు తెల్ల ధోవతి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన కొమ్ము విరిచి వాసన చూసి, చతికిలబడి కూర్చుని, భుజం మీది తువ్వాల తీశాడు.

"హాత్ ద్యా, శేఠ్." చెయ్యి ఇవ్వమని మరాఠీలో అంటూ తన చెయ్యి చాపాడు.

రాజనర్సు కుడిచెయ్యి ఇచ్చాడు. తువ్వాల మాత్రం కప్పనివ్వలేదు. అరచెయ్యి పైకి తిప్పి ఎండలో పెట్టాడు.

"వేళ్ళు సచ్చినయ్ బాపురావ్. నేను మింగే మందుకు గిట్లయినయ్. మొన్న నువ్వు మూడు పట్టుకున్నవో నాలుగు పట్టుకున్నవో నాకు తెల్వలే. తెల్వకనే మూడు రాసిన. నువ్వెన్ని పట్టుకున్నవ్?"

పక్క కుప్పల వాళ్ళు ఇటు తిరిగారు. ధర సంగతి నోటితో అడిగినవాడు ఆ వరుసలో ఎప్పుడూ లేడు. బాపురావు ఆ చేతినే చూస్తూ తువ్వాలను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాలుగు," అన్నాడు. "పట్టుకున్న. నీ తోలు నా చేతికొచ్చింది. జడుసుకుని ఇడిసిపెట్టిన. ఇంటికి పోయి మూడుసార్లు సబ్బుతోని కడుక్కున్న. నువ్వు మూడు రాసినవ్. నేను ఊకున్న." "నేను సుత ఊకున్న గద, శేఠ్," అన్నాడు మళ్ళీ, తనలో తను.

మూడుసార్లు సబ్బుతో. ఆ మాట మంట కంటే లోపలికి దిగింది. దిగనిచ్చాడు.

ముత్తన్న లేచి నిలబడ్డాడు. "బజారు పడ్డదంటివి గదనే!" అరవలేదు, అరిచినట్టు వినపడింది. "నాకు గా దినమే చెప్పిండ్రు, నాలుగు పోయిందని. నేనే నమ్మలే. రాజనర్సు సేటు గట్ల చెయ్యడని నేనే లొల్లి పెట్టుకున్న ఊర్ల. రోగమొస్తే రోగమని చెప్పరాదా? నీ రోగానికి నేనేమన్న అంటినా? అబద్ధమెందుకు చెప్పినవ్?"

"సిగ్గయింది ముత్తన్నా."

"నీ సిగ్గుకు నా పసుపు అమ్ముకుంటివా?"

ఉన్న జవాబు ఒక్కటే, అవును, అది అందరికీ తెలిసినదే. క్వింటాలుకు తగ్గిన ఆ వంద తన మీద అన్నాడు రాజనర్సు. సగం నా మీద అన్నాడు బాపురావు నేల చూస్తూ. ముత్తన్న ఆ మాటలు విననట్టే నిలబడ్డాడు. "గిప్పుడు గీ కుప్ప సంగతేంది? నీకు వేళ్ళు లేకపాయె. ఎవరు బేరం చేస్తరు?"

అప్పుడు రాజనర్సు నోటి నుంచి వచ్చిన మాట అతను ఆ గంటంతా లెక్కపెట్టిన దారుల్లో లేదు. "నువ్వే చెయ్యి. ఇట్ల వచ్చి కూసో." ముప్పై ఏళ్ళు మడతల కింద దాచినదాన్ని నలుగురూ వినేటట్టు గట్టిగా చెప్పాడు, చూపుడువేలు వంద, చిటికెనవేలి దాకా నాలుగు, అరచేతిలో నొక్కితే యాభై, వద్దనుకుంటే చెయ్యి వదులు చెయ్యి, కావాలనుకుంటే బిగించు. దశరథం "అరే అరే" అంటూ తల పట్టుకున్నాడు. "రైతు చెయ్యా!" అని బాపురావు నవ్వబోయి, రాజనర్సు అరచెయ్యి ఇంకా ఎండలో తెరిచే ఉండటం చూసి ఆగిపోయాడు. ముత్తన్న తువ్వాలనూ రాజనర్సునూ మార్చి మార్చి చూసి, చెయ్యి పంచెకు తుడుచుకుని, కూర్చున్నాడు. రాజనర్సు తన బతికున్న రెండు బొటనవేళ్ళతో తువ్వాల అంచు పట్టుకుని ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఇప్పుడు మడతలు చూస్తూ కూర్చోవడం అతని వంతు. మడతలు కదిలాయి, ఆగాయి. ముత్తన్న భుజం వదులైంది. వద్దన్నాడు. మళ్ళీ కదిలాయి. మళ్ళీ వద్దన్నాడు. చెమట పట్టిన ముత్తన్న కణతను చూస్తూ రాజనర్సు అనుకున్నాడు, ఇట్లా బయట కూర్చుంటే ఎంతసేపు పడుతుంది, రైతులు ఇన్నేళ్ళు ఎట్లా కూర్చున్నారు. మూడోసారి ముత్తన్న మోచెయ్యి బిగిసింది. "నాలుగున్నర," అన్నాడు ముత్తన్న పైకి, అందరికీ వినపడేలా, పైకి చెప్పకూడదని ఎవరూ అతనికి చెప్పలేదు.

బాపురావు చీటీ రాసి లేచి పదకొండో కుప్పకు పోయాడు. పోయేముందు రాజనర్సు భుజం మీద చెయ్యి వేశాడు, చేతిని మాత్రం ముట్టుకోలేదు. దేవవ్వ గ్లాసు తీసుకుని కడిగి, మేకుకు తగిలించబోయి, ఏమనుకుందో, తీసుకొచ్చి అతని గోనెసంచి పక్కనే బోర్లించింది. ముత్తన్న బీడీ వెలిగించాడు. "సోమారం ఇంకో ఎనిమిది బస్తాలు తెస్త," అన్నాడు అటు చూస్తూనే. "నీ ముఖం సూసి కాదు, కాటా నీది సక్కగుంటదని. చెయ్యి మాత్రం నేనే పెడ్త. నువ్వు పక్కన కూసుండు, ఎక్కువ మాట్లాడకు."

సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేయాలి, చెప్పమన్నప్పుడు చెప్పనందుకు ఆయన తిట్లు కూడా పడాలి. సుమిత్రమ్మతో పెరట్లో ఆకు ఇంకా ఉందేమో అడగాలి. నీలం పట్టీల చెప్పుల మీంచి పంచె అంచు తొలగి ఉంది, సర్దుకోబోయి మానేశాడు. చేతులు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుని, మండుతున్నవాటిని మండనిస్తూ, ఆ పూట లెక్క చూసుకున్నాడు. పొద్దున వచ్చినప్పుడు పనికొచ్చే వేళ్ళు మూడు. ఇప్పుడు ఎనిమిది. అందులో ఐదు ముత్తన్నవి, వాటి కోపం ఇంకా తగ్గలేదు.